కంప్యూటరు ఒకటి చేసిన అన్నదమ్ములు

కొరాపుట్ కొండల మీద ఉన్న మా ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో ఒక ఫిట్టరుకు రెండు క్వార్టర్లు, ఇద్దరు భార్యలు, అయిదుగురు పిల్లలు ఉన్నారని డెబ్బైల నడిమి కాలంలో ఒక జూన్ నెల పొద్దున కంప్యూటరు కనిపెట్టింది. ఆ సంగతిని మడతలు మడతలుగా ఉండే పొడుగాటి కాగితం మీద ఇంగ్లీషు పెద్దక్షరాల్లో అచ్చువేసి ఇచ్చింది. నెల తిరిగేలోగా ఒక క్వార్టరు ఖాళీ చెయ్యాలనీ, రెండో భార్య విషయంలో సంజాయిషీ ఇచ్చుకోవాలనీ ఆ ఫిట్టరుకు నోటీసు వెళ్లింది. రెండు క్వార్టర్లకూ చెరొక ప్రతి వెళ్లింది. రెండిళ్లలోనూ ఇద్దరు వేరు వేరు మనుషులు దాన్ని అందుకుని సంతకం పెట్టారు. ఆ సంతకాలు ఒకదానితో ఒకటి పోలడం లేదని ఆఫీసులో గమనించకపోలేదు. గమనించి, నిందితుడు చేతిరాత మార్చి రాస్తున్నాడని ఫైలులో రాసుకున్నారు.

ఆ కంప్యూటరును నెత్తిన పెట్టుకున్నవాళ్లలో నేనే మొదటివాణ్ణి. అది వాల్తేరు వైపు నుంచి ఘాట్ రోడ్డెక్కి మూడు లారీల్లో వచ్చింది. దానికోసం కట్టిన గదికి టౌన్‌షిప్ మొత్తంలో ఎక్కడా లేని చల్లటి గాలి పెట్టారు. దుమ్ము పడకూడదని చెప్పులు బయట విప్పించారు. చెప్పులు విప్పమన్నాక మనవాళ్లకు మిగతాది ఎవరూ నేర్పనక్కర్లేదు. మర్నాటికి తలుపుకు పసుపు, కుంకుమ వచ్చాయి. ప్రారంభం రోజున కొబ్బరికాయ నీళ్లు పడితే యంత్రం పాడవుతుందని ఇంజనీరు అడ్డుపడితే, కాయను బయట ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కొట్టారు. నేను గుమ్మంలో నిలబడి అరగంట వాదించాను. తర్కంతో నడిచే వస్తువును తంతుతో మొదలుపెట్టడం సిగ్గుచేటన్నాను. పురోహితుడు ఓపికగా విని, "మీ తర్కం ఆగిపోతే కబురెడతారు కదా, అప్పుడొత్తాను," అని సంచీ సర్దుకున్నాడు.

మనుషుల పనులు పోతాయని యూనియన్ భయపడింది. ఆ విషయం మీద రిక్రియేషన్ క్లబ్బులో చర్చ పెట్టారు. విజయనగరంలో చదువుకున్న రోజుల్లో వితంతు వివాహాల మీదా, జాతకాల మీదా పెద్దవాళ్లతో చర్చల్లో ఢీకొన్నవాణ్ణి కనుక నాకు గొంతు కొత్త కాదు. ఈ యంత్రానికి కులం తెలియదు, సిఫారసు తెలియదు, రాహుకాలం తెలియదు, అందుకే మనకు కావాలి అన్నాను. చప్పట్లు మోగాయి. ఆ రోజు నుంచి టూల్‌రూమ్‌లో నన్ను మాస్టారు అనడం మొదలుపెట్టారు. అందులో గౌరవం సగం, ఎగతాళి సగం.

ఆ చప్పట్లు విన్న పర్సనెల్ ఆఫీసరు నన్ను ఒక కమిటీలో వేశాడు. కార్మికుల వివరాలన్నీ చిల్లుల కార్డుల్లోకి ఎక్కించేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. మా దగ్గర ఒక షాపు నుంచి మరో షాపుకు మారినవాడికి కొత్త టోకెన్ నంబరు ఇచ్చేవారు. పాతది కొట్టెయ్యడం మరిచిపోయేవారు. అలా ఒక్కో మనిషి ఇద్దరుగా లెక్కకొస్తున్నాడు. ఏం చెయ్యాలని అడిగితే నేనే లేచి చెప్పాను. పేరు ఒకటే, పుట్టిన తేదీ ఒకటే, సొంత ఊరు ఒకటే, చేసే పని ఒకటే అయితే ఆ రెండు నంబర్లూ ఒకే మనిషివి, కలిపెయ్యండి అన్నాను. నాలుగూ కలిసినవాళ్లు ఇద్దరు ఎలా ఉంటారని బల్ల మీద చేత్తో కొట్టాను కూడా. నియమాన్ని రాసుకున్నారు, హెడ్డాఫీసుకు పంపారు, మంజూరు చేయించుకున్నారు.

అలాంటివాళ్లు ఇద్దరు ఎలా ఉంటారో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఆవులు కాసుకునేవాడికి కూడా తెలుసు. మా వైపు ప్రతి కొడుకూ తన మొదటి మగపిల్లవాడికి తండ్రి పేరు పెట్టుకుంటాడు. తాతకు నలుగురు కొడుకులుంటే ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో నలుగురు మనవలు ఒకే నట్టింట్లో అన్నాలు తింటారు. అయినా ఎవరూ తికమక పడరు. ఎందుకంటే ఆ పేరుతో ఎవరూ ఎవర్నీ పిలవరు. నాయనమ్మ పిలవదు, అది మొగుడి పేరు. కోడళ్లు పిలవరు, అది మామగారి పేరు. కాబట్టి మనవలు పెద్దోడు, సిన్నోడు, నల్లోడు, పొట్టోడుగా పెరుగుతారు. అసలు పేరు బారసాల నాడు ఒకసారి, బడిలో వేసిన నాడు ఒకసారి బయటికొస్తుంది.

బడిలో వేసే రోజున పుట్టిన తేదీ ఎవరి దగ్గరా ఉండదు. పిల్లవాడు కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవిని అందుకుంటే అయిదేళ్లు నిండినట్టు. అందుకున్నవాళ్లందరూ జూలై ఒకటిన పుట్టినట్టు పంతులు రాసుకుంటాడు. మా ఫిట్టరు అన్నదమ్ములిద్దరూ, అంటే పెదనాన్న కొడుకూ చిన్నాన్న కొడుకూ, ఒకే రోజున ఒకే పంతులు ముందు చెవి అందుకున్నారు. ఉమ్మడి కుటుంబం కావడంతో ఇద్దరికీ సంరక్షకుడిగా తాత పేరే రాశారు. అంటే రెండు సర్టిఫికెట్ల మీదా అన్నీ ఒకటే. మనిషి పేరూ సంరక్షకుడి పేరూ కూడా ఒకటే.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ తట్టలేదు. మా నాన్న సంఘసంస్కరణ ఉత్సాహంలో నాకు వంశంలో ఎవరికీ లేని పేరు పెట్టాడు. ఆ పేరుగలవాడు జిల్లాలో ఇంకొకడు లేడు. ఒక్కడిగా పెరిగినవాడికి ఇద్దరి సంగతి గుర్తుకు రాలేదు.

నోటీసు అందిన మర్నాడు ఆదివారం. పెద్దవాడి భార్య కాగితం పట్టుకుని మా క్వార్టరుకు వచ్చింది. వెనక కొంగు నోటికడ్డం పెట్టుకుని చిన్నవాడి భార్య. వీళ్లిద్దరూ తోటికోడళ్లు.

"సదవండి మాస్టారూ. మా ఆయనకి సిన్నిల్లు ఉన్నాదట. ఆ సిన్నిల్లు ఇదేనట," అని పెద్దావిడ వెనక్కి వేలు చూపించింది.

"ఓలమ్మో, ఏటక్కా ఆ మాటలు!"

"నానంతన్నానేటే? కాయితం అంతన్నాది. నీల్లట్యాంకు కాడ కోటరు ఒకటి, బజారు కాడ కోటరు ఒకటి. పెల్లాలిద్దరు. పిల్లలు అయిదుగురు. నా ముగ్గురూ నీ ఇద్దరూ కలిపే సెప్పింది. ఎక్కాలు బాగానే వచ్చు దానికి."

చిన్నావిడ నవ్వలేదు. "మా బావగారొత్తే నాను తలెత్తి నిలబడను మాస్టారూ. నీల్లసెంబు గడప కాడ పెట్టీసి లోనికెల్లిపోతాను. అలాటి మనిసికి నన్ను కట్టబెట్టీసిందేటి మీ మిసను?"

మీ మిషను! నేను గొంతు సవరించుకుని, ఇది చిన్న సాంకేతిక పొరపాటు అనీ, రేపే సరిచేయిస్తాననీ చెప్పాను.

"సేయించండి," అంది పెద్దావిడ. "మా యీది అమ్మలక్కలు నన్ను కుళాయి కాడ 'మీ సవితి కుసలమా' అని అడుగుతన్నారు. నవ్వీసి ఊరుకుంతన్నాను. రేపు ఈ కాయితమే నిజమైపోతే నవ్వడానికి ఉండదు."

సాయంత్రం చిన్నవాడు వచ్చాడు. మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టులో కూలిపని నుంచి మొదలుపెట్టి ఫిట్టరు దాకా వచ్చినవాడు. ఫ్యాక్టరీలో చేరాక ఆరేళ్లు భార్యాపిల్లలతో బజారు వెనక రేకుల గదిలో ఉన్నాడు. వానాకాలంలో ఆ గదిలో మంచం మీద గొడుగు కట్టుకుని పడుకునేవారు. నీటిట్యాంకు దగ్గర క్వార్టరు చేతికి వచ్చి ఏడాది కాలేదు. ఖాళీ చెయ్యాల్సి వస్తే తర్వాత ఇచ్చిందే పోతుంది, అంటే అతనిదే.

"పెల్లాం సంగతి ఒగ్గెయ్యండి మాస్టారూ," అన్నాడు. "దాన్ని మా అన్నకిచ్చీసినా అది ఎల్లదు. ఇల్లు పోద్దేటి? అది సెప్పండి."

పోదని మాటిచ్చాను. బయట అప్పటికే కొండల మీద మబ్బు దిగి ఉంది.

సోమవారం ఇద్దర్నీ వెంటబెట్టుకుని ఆఫీసరు గదికి వెళ్లాను. ఆయన దూరపు రాష్ట్రం నుంచి వచ్చినవాడు, తెలుగూ ఒడియా రెండూ రావు, ఇంగ్లీషులోనూ హిందీలోనూ నెట్టుకొచ్చేవాడు. లంచం తినడు, వేళకు వస్తాడు. ఇలాంటివాళ్లతోనే కష్టం. ఆయన ఎదుట ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టాను. పెద్దవాడు నలుపు, పొడుగు, మీసం. చిన్నవాడు చామనఛాయ, పొట్టి, నున్నటి మొహం. ఆఫీసరు ఇద్దర్నీ చూశాడు. కాగితాన్ని చూశాడు. మళ్లీ ఇద్దర్నీ చూశాడు.

"మీలో అసలువాడు ఎవరు?" అని అడిగాడు.

"ఇద్దరం అసలోల్లమే సార్," అన్నాడు పెద్దవాడు.

"అది కుదరదు. రికార్డులో ఒక్కడే ఉన్నాడు."

తలుపు దగ్గర పొట్టంగి నుంచి వచ్చిన అటెండరు నిలబడి ఉన్నాడు. బడి మొహం చూడనివాడు. వాడు ఊరుకోలేక, "దుయి లోక్, సార్," అని రెండు వేళ్లు చూపించాడు.

"నాకూ కనిపిస్తున్నారు," అన్నాడు ఆఫీసరు చిరాగ్గా. "కనిపించడం వేరు, రికార్డు వేరు."

నేను సర్టిఫికెట్లు తీసి పెట్టాను. ఆయన రెండింటినీ అక్షరం అక్షరం పోల్చి, నాకు తిరిగిచ్చి, "ఒకే సర్టిఫికెట్టుకు రెండు కాపీలు తెచ్చారు," అన్నాడు. ఇద్దరి తండ్రులూ వేరని చెప్పాను. కాగితం మీద ఉన్నది తండ్రి కాదు, తాత అని చెప్పాను. అయితే తాతకూ మనవడికీ ఒకే పేరు ఎందుకుందని అడిగాడు. మా ఆచారం అన్నాను. నా నోటి నుంచి ఆచారం అన్న మాట సమర్థనగా రావడం అదే మొదటిసారి.

చివరికి ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టి, "నేనేం చెయ్యగలను? మెషిన్ చెప్పింది," అన్నాడు.

మా ఊళ్లో అమ్మవారి పండగకు గణాచారికి పూనకం వస్తుంది. అమ్మ పలికిందంటాడు. ఎవరి పొలం నీళ్లు ఎవరికి వెళ్లాలో, ఎవరి కోడలు ఇంట్లో ఉండాలో వెళ్లిపోవాలో అమ్మే చెబుతుంది. నువ్వు చెబుతున్నావు కదరా అని ఎవరూ అడగరు. చిన్నప్పుడు నేను అడిగి దెబ్బలు తిన్నాను. ఆ చల్లటి గది పక్కన కూర్చుని, టై కట్టుకుని, ఆ ఆఫీసరు పలికింది సరిగ్గా ఆ పలుకే. యంత్రం ఏమీ చెప్పదు. మనిషి చెప్పిందాన్ని వేగంగా తిరిగి చెబుతుంది. తప్పు చెబితే తప్పునే ఇంకా వేగంగా చెబుతుంది. కొబ్బరికాయ కొట్టినంత మాత్రాన అది దేవుడు కాలేదు. ఎదురుగా నిలబడ్డ ఇద్దర్ని కాదని దాని కాగితాన్ని నమ్మిన క్షణాన అయింది. ఇదంతా ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన విని, కుటుంబంలో బతికున్న పెద్దవాళ్లెవరైనా వచ్చి విచారణలో సాక్ష్యం చెప్పాలన్నాడు. ఆ మాటే కాగితం మీద రాయించుకుని బయటికొచ్చాం.

బతికున్న పెద్ద ఒక్కతే. ఇద్దరి నాయనమ్మ. పెద్దవాడు ఊరెళ్లి బస్సులో తీసుకొచ్చాడు. సాలూరు దాటి ఘాట్ ఎక్కేసరికి ఆవిడకు కడుపులో తిప్పి, పొట్టంగిలో దిగి రాయి మీద కూర్చుని డ్రైవరును, రోడ్డు వేసినవాణ్ణి, కొండను వరసపెట్టి తిట్టిందట. టౌన్‌షిప్‌లో దిగేటప్పుడు చంకలో ఎండుచేపల మూట. ఆ మూటను ఎక్కడా వదలనంది. విచారణకు కూడా దానితోనే వచ్చింది.

ఆఫీసరు గదికి కంప్యూటరు గది ముందు నుంచి వెళ్లాలి. మధ్యలో అద్దం. అద్దంలోంచి టేపు చక్రాలు తిరగడం చూసి ఆగింది.

"ఏటది బావూ? ఇసుర్రాయా?"

"కాదు మామ్మా, మనుషుల వివరాలన్నీ అందులో ఉంటాయి."

"పిండి రాలతన్నాదా?"

"లేదు."

"మరెందుకు తిప్పడం?" అని ముందుకు నడిచింది.

ఆఫీసరు ఆవిడకు కుర్చీ వేయించాడు. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, చాలా మర్యాదగా ప్రశ్న అడిగాడు. నేను తెలుగు చేశాను. ఈ ఇద్దరూ మీ మనవలేనా?

"కాకపోతే ఈ చలిలో నాకేటి పని? ఆడు పెద్దోడి కొడుకు. ఈడు సిన్నోడి కొడుకు."

ఇద్దరూ వేరు వేరు మనుషులేనా?

ముసలమ్మ నా వంక చూసింది. "ఈ బాబుకి సూపు తక్కువేటి?"

నేను తెలుగు నుంచి ఇంగ్లీషులోకి, "అవునంటోంది," అని మార్చాను. అటెండరు గోడవైపు తిరిగి దగ్గాడు. తర్వాత ఆఫీసరు కలం తీసి, పెద్ద మనవడి పేరు చెప్పమన్నాడు.

ముసలమ్మ కొంగు తల మీదికి లాక్కుంది.

చిన్న మనవడి పేరు?

ముసలమ్మ మూటను ఇంకో చంకలోకి మార్చుకుంది. ఆఫీసరు, 'సాక్షికి మనవల పేర్లు తెలియవు' అని రాయబోతున్నాడు. చిన్నవాడు బల్ల దగ్గరికి ఒక అడుగు వేశాడు. ఆ ఒక్క వాక్యంతో ఇల్లు పోతుంది.

నేను ముసలమ్మ ముందు గొంతుక్కూర్చున్నాను. భర్త పేరు పలకకపోవడం బానిసత్వమని సభల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "మామ్మా, పలికితే ఆయుష్షు తగ్గుతుందని కదా భయం? తాతగారు పోయి ఎన్నో ఏళ్లయింది. ఇంక తగ్గేదేముంది?"

"ఆయనికి ఆయుస్సు లేకపోతే నాకు సిగ్గు లేదేటి?" అంది.

"నీకు తెలుసు కదా, నువ్వే సెప్పు," అంది. సాక్షే చెప్పాలన్నాను. ఆవిడ చెయ్యి పైకెత్తి, "ఏడాదికోపాలి గందం ఒలిపించుకుంతాడే, కొండమీద సామి, ఆయన పేరు," అంది. నేను ఆ మాటను అలాగే ఇంగ్లీషులో పెట్టాను. ఆఫీసరు కలం ఆపి, దేవుడు సాక్ష్యంలోకి ఎందుకొచ్చాడని అడిగాడు. నాస్తికుణ్ణి నేను సింహాచలం గురించీ, నిజరూప దర్శనం గురించీ, అక్కడి స్వామి పేరు గురించీ పది నిమిషాలు ఆయనకు భక్తితో వివరించాల్సి వచ్చింది. ఇంట్లో ఆ పేరు ఎందుకు పలకరో కూడా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. మొదటిసారి కాగితం పక్కన పెట్టాడు.

"అంటే, వాళ్లింట్లో ఎవరూ ఎప్పుడూ పలకని పేరు ఒక్కటే మా మెషిన్‌కు తెలుసన్నమాట."

"అవును."

"ఇలాంటివి ఉంటాయని తెలియకుండా ఈ నియమం ఎవడు పెట్టాడు?"

గదిలో మేం ఆరుగురం. ఊరుకుంటే ఫైలు వెతికినా దొరక్కపోవచ్చు. "నేను," అన్నాను. పేరు, తేదీ, ఊరు, పని కలిస్తే ఒకడే అని చెప్పింది నేను. తప్పు యంత్రానిది కాదు, నాది. నియమం కొట్టెయ్యండి అన్నాను. మాస్టారు అంత మాట అంటాడని అన్నదమ్ములు అనుకోలేదు. పెద్దవాడు మెల్లగా, "మా ఇంటికి కావల్సిన పనే సేసేరు మాస్టారూ," అన్నాడు. మెచ్చుకోలు మాత్రం కాదు.

ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. నియమం హెడ్డాఫీసు మంజూరు చేసింది. కొట్టెయ్యాలంటే ఏడాది పడుతుంది. నోటీసు గడువు ఇంక తొమ్మిది రోజులే. అయితే నియమంలో నాలుగు కలవాలి కదా, ఒక్కటి తేడా వస్తే మెషిన్ వాళ్లను ఇద్దరిగా ఒప్పుకుంటుంది. ఒకడి పేరు మార్చండి అన్నాడు. విచారణ నోట్ మీద ఆయన సంతకం చేస్తాడు.

"నాను పెద్దోణ్ణి. తాత పేరు నాకుండాల," అన్నాడు పెద్దవాడు వెంటనే.

"ఎవుల పేరూ తియ్యడానికి ఈల్లేదు!" ముసలమ్మ ఎండుచేపల మూట బల్ల మీద పెట్టి లేచింది. "ఈడి దగ్గర తీసీసినా ఆయన్ని తీసీసినట్టే."

తీయడం లేదు, కలపడమే అన్నాను. పేరు ముందు ఏదైనా ఒక మాట. ఏం కలపాలి మామ్మా?

"ఎప్పుడూ పిలిసేదే. సిన్నోడు."

అందరం కార్డులు కొట్టే గదికి వెళ్లాం. అక్కడ పనిచేసే అమ్మాయి పార్వతీపురం వైపు పిల్ల. చిన్నవాడి కార్డు తీసి వెలుగుకు పట్టుకుని గళ్లు లెక్కపెట్టింది. ఇంటిపేరు పొడుగు, పేరు పొడుగు. మధ్య ఖాళీ పోగా పేరుకు కేటాయించిన గళ్లలో మిగిలింది ఒక్కటే.

"ఒక్క అచ్చరమే పడతాది సార్."

చిన్న అంటే సీ అక్షరం కొట్టమన్నాను. 'చ'కు ఇంగ్లీషులో అదే మొదలు.

"ఓ అమ్మీ, సిన్నోడంటన్నాను. సిన్నోడు," అంది ముసలమ్మ.

ఆ అమ్మాయి నా వంక చూసి, "మామ్మ సెప్పినట్టయితే ఎస్ సార్," అంది.

"శుద్ధమైన మాట చిన్న. చకారం."

"మీ సుద్దం వల్లే కదా మాస్టారూ ఇంతదాకా వచ్చింది," అన్నాడు పెద్దవాడు.

అమ్మాయి ఎస్ కొట్టింది. యంత్రం ఒక్కసారి టక్కుమంది. కొత్త కార్డు బయటికొచ్చింది. అందులో ఒక చిల్లుల వరస ఎక్కువ. ఆఫీసరు నోట్ మీద సంతకం చేసి, దాన్ని ముందుగా నీటిట్యాంకు దగ్గరి క్వార్టరు ఫైలుకు పిన్ను పెట్టాడు.

చిన్నవాడు కార్డు వంక చూడలేదు. ఆ పిన్ను వంకే చూస్తున్నాడు. "అయితే కోటరు మాదేనా సార్?" అని అడిగాడు. నేను హిందీ చెయ్యకముందే ఆఫీసరుకు అర్థమైంది. మీదే, ఖాళీ చెయ్యనక్కర్లేదు అన్నాడు.

చిన్నవాడు రెండు చేతులూ జోడించి, కార్డు పట్టుకున్న అమ్మాయి వైపు తిరిగాడు.

"అయితే ఇంకే గడైనా ఖాలీ ఉంటే, అందల కూడా ఏటో ఒకటి కొట్టీసుకోండమ్మీ. నాకేటీ బాద లేదు."